సై-ఫై ఫిగర్‌కి కొత్త రంగు: కీళ్ల దగ్గర ఊడకుండా వేయడం ఎలా

యాక్షన్ ఫిగర్‌కి, అంటే కీళ్లు కదిలే బొమ్మకి, రంగు వేయడం కంటే వేసిన రంగును నిలబెట్టడమే కష్టం. చెయ్యి ఎత్తగానే భుజం దగ్గర పెచ్చు లేచినా, వారాలు గడిచినా వేలికి జిగటగా తగులుతున్నా, లోపం దాదాపు ఎప్పుడూ బ్రష్ పట్టకముందు చేయాల్సిన పనిలోనే ఉంటుంది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం తయారీ గురించే.

మొదటిసారికి 6 అంగుళాల ఫిగర్, అంటే సుమారు 1:12 స్కేలుది (అసలు ఎత్తులో పన్నెండో వంతు), తీసుకోండి. గీతలు పడ్డదైనా, తుపాకీ పోయినదైనా ఫరవాలేదు. 3.75 అంగుళాల వాటిలో కీళ్లు మరీ సన్నం. కెన్నర్ అనే బొమ్మల కంపెనీ 1978లో మొదలుపెట్టిన స్టార్ వార్స్ వరుసలోని అసలు బొమ్మల్లాంటి పాతవాటిని మాత్రం వదిలేయండి. ఫ్యాక్టరీ రంగు పోతే కలెక్టర్ల దృష్టిలో వాటి విలువ పడిపోతుంది.

బొమ్మను విడదీయడానికి 70–80 డిగ్రీల వేడినీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. మెత్తటి భాగాలకు వాడే ప్లాస్టిక్, పీవీసీ, మెత్తబడ్డాక తలను, చేతులను అటూ ఇటూ తిప్పుతూ నెమ్మదిగా లాగండి. చల్లగా ఉండగా బలం ఉపయోగిస్తే పెగ్ (కీలును పట్టి ఉంచే పుల్ల) విరిగి లోపలే ఉండిపోతుంది. తర్వాత గిన్నెలు తోమే సబ్బునీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి. అచ్చులోంచి బొమ్మ సులువుగా ఊడి రావడానికి వాడిన జిడ్డు ఇంకా మిగిలి ఉండొచ్చు, దాని మీద ఏ రంగూ పట్టదు. పాత రంగు తీయాలంటే 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదిపుల్లకు అద్ది తుడవండి. అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి వెళ్లొద్దు, అది ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది.

ఇక కీళ్లు. మోచేతిని దగ్గరగా చూడండి: ఒక చీలిక, దానిలో తిరిగే బిళ్ల. రెండిటి మధ్య సందు ఎంత తక్కువంటే, రంగు పూత మందం పట్టడానికి కూడా చోటుండదు. బిళ్ల మీద మెత్తటి పెన్సిల్‌తో నల్లగా గీసి, బిగించి, నాలుగైదు సార్లు మడిచి తీయండి. పెన్సిల్ గీత ఎక్కడ చెరిగిందో అక్కడే రాపిడి. ఆ చోటును 400, తర్వాత 600 నంబరు సాండ్‌పేపర్‌తో నీళ్లు తడుపుతూ అరగదీయండి. పొడి గాలిలోకి లేవకుండా ఉండటానికే ఈ తడి, అయినా మాస్కు పెట్టుకోండి. మరీ అరిగి కీలు వదులైతే లోపల పలచగా వార్నిష్ పూసి, పూర్తిగా ఆరాకే బిగించండి. నున్నగా, మైనం తగిలినట్టుండే పెగ్‌లు సాధారణంగా పీఓఎమ్ అనే ప్లాస్టిక్‌వి. వాటికి రంగు అతుక్కోదు, ప్రయత్నించకండి. అన్నిటికంటే సులువైన ఉపాయం, మీకు కావలసిన రంగుకు దగ్గరి ప్లాస్టిక్‌తోనే కీళ్లు పోసిన ఫిగర్‌ను ఎంచుకోవడం. అప్పుడు కాస్త గీరుకున్నా కంటికి ఆనదు.

జిగటకు కారణం వేరు. పీవీసీ మెత్తగా ఉండటానికి కలిపే ప్లాస్టిసైజర్‌కు, స్ప్రే డబ్బా ప్రైమర్‌లలోని (రంగుకు ముందు వేసే అడుగు పూతలలోని) ద్రావకాలకు తరచూ పొసగదు. మెత్తటి భాగాలకు నీటి ఆధారిత యాక్రిలిక్ ప్రైమర్ బ్రష్‌తో వేయండి. ఏ ప్రైమరైనా ముందు పాదం అడుగున కొద్దిగా వేసి, మర్నాడు వేలితో నొక్కి చూడండి.

యాక్రిలిక్ రంగును పాలంత పలచన చేసి రెండు మూడు పూతలు వేయండి, పూతకూ పూతకూ మధ్య 15–20 నిమిషాలు ఆగండి. ఒకే మందపు పూత చెక్కిన వివరాలను పూడ్చేస్తుంది. పసుపు, ఎరుపు రంగులు నలుపును కప్పలేవు, కింద తెలుపో లేత బూడిదో ఉండాలి. లోహపు రంగులకు మాత్రం నిగనిగలాడే నలుపే సరైన అడుగు.

కవచం పలకల మధ్య గీతలు తేలాలంటే ముందు గ్లాస్ (నిగనిగలాడే) వార్నిష్ వేసి, ఆరాక ముదురు గోధుమ రంగు యాక్రిలిక్ వాష్‌ను, అంటే నీళ్లలాంటి పలచని రంగును, సన్నటి బ్రష్‌తో గీతకు తాకించండి. అదే పాకుతుంది. గ్లాస్ లేకుండా గరుకు ఉపరితలం మీద వేస్తే మరకలవుతుంది. ఎనామెల్ వాష్ వద్దు, దాని థిన్నర్ బిగుతుగా ఉన్న ఏబీఎస్ కీళ్లలోకి దిగి పగుళ్లు తెస్తుంది. రంగు రాలిన గుర్తుల కోసం స్పాంజి ముక్కను ముదురు రంగులో ముంచి, కాగితం మీద దాదాపు పొడిబారేదాకా అద్ది, మోకాలు, భుజం అంచులు, తుపాకీ మూతి దగ్గర తాకించండి. నిజంగా రాసుకునే చోట్లే ఇవి నప్పుతాయి. ఛాతీ మధ్యలో పెడితే మురికిలా కనిపిస్తాయి.

హెల్మెట్ కటకానికి పైన ముదురు ఎరుపు, కిందికి వచ్చేకొద్దీ నారింజ, పైమూలన ఒక తెల్ల చుక్క. అంతా మ్యాట్ (మెరుపులేని) వార్నిష్ అయ్యాక కటకానికి మాత్రం గ్లాస్ వేయండి. తేమ ఎక్కువున్న రోజు వార్నిష్ స్ప్రే చేస్తే తెల్లటి పొగలా మసకేస్తుంది. దాని మీద పలచగా గ్లాస్ పూత వేస్తే చాలాసార్లు తేటపడుతుంది.

బిగించే ముందు కనీసం 48 గంటలు ఆరనివ్వండి. హెయిర్ డ్రయర్‌తో సాకెట్‌ను (పెగ్ దూరే గుంటను) మాత్రమే వేడిచేసి పెగ్‌ను నెట్టండి, రంగు వేసిన భాగాన్ని వేడిచేయకండి. బొమ్మను వెంటనే పాత ప్లాస్టిక్ ట్రేలో పెట్టొద్దు, పూర్తిగా గట్టిపడని రంగు దానికి అంటుకుని ఊడి వస్తుంది.