మునిసిపల్ కౌన్సిల్ సమావేశంలో మీ వీధి సమస్య చర్చకు రావాలంటే ఏం చేయాలి?

మా వీధి మలుపులో కల్వర్టు కింద మంచినీళ్ల పైపు అడ్డంగా వెళ్లేది. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి డొప్పలు దానికి తట్టుకుని ఆగిపోయేవి. మురుగు నాలుగిళ్ల గుమ్మాలెక్కేది. అదే వారం మా కౌన్సిల్ సమావేశం గురించి పేపర్లో చూస్తే, రాష్ట్ర నాయకుల మీద నినాదాలు, పోడియం దగ్గర తోపులాట, వాకౌట్. కాలువ ఊసే లేదు. కడుపు మండిపోయింది. ఎజెండాలోకి ఎక్కని సమస్య కౌన్సిల్‌కు లేనట్టేనని తర్వాత అర్థమైంది.

ముందు, పని ఎవరిదో తేల్చుకోండి

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో చేర్చింది. రోడ్లు, తాగునీరు, పారిశుధ్యం, వీధిదీపాలు, శ్మశానాలు అందులోవే. అయినా అన్నీ ఒకే ఆఫీసు చూడదు. కరెంటు తీగ వేలాడుతుంటే డిస్కమ్‌కు (కరెంటు పంపిణీ సంస్థ), రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)ది అయితే వాళ్లకు, హైదరాబాద్‌లో మంచినీళ్లయితే జలమండలికి వెళ్లాలి. ‘మా పరిధి కాదండీ’ అనిపించుకుని తిరగడంలోనే చాలామంది ఓపిక హరించుకుపోతుంది.

కొలిచి రాయండి

‘వార్డులో డ్రైనేజీ బాగోలేదు’ అనే అర్జీని పక్కన పడేయడం చాలా తేలిక. మేం టేపు పట్టుకుని దిగాం. కల్వర్టు లోపలి ఎత్తు రెండడుగులు. అందులో పైపు ఎనిమిది అంగుళాలు, పూడిక ఒక అడుగు. నీళ్లు పోవడానికి మిగిలింది నాలుగే అంగుళాలు! ఆ లెక్కనే అర్జీలో మొదటి వాక్యంగా పెట్టాం. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు అది చదివి, ‘పదండి, చూసొద్దాం’ అని కుర్చీలోంచి లేచారు.

ఒక అర్జీలో ఒకటే సమస్య రాయండి. పది కలిపితే ఆ కాగితం సెక్షన్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. తపాలు సెక్షన్‌లో ఇచ్చి, మీ నకలు మీద తేదీ ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు తప్పకుండా వేయించుకోండి.

ఎజెండాలో పెట్టించండి

అసలు పని ఇదే. సమావేశం తేదీ ముందుగా కనుక్కుని, కనీసం రెండు వారాలు ఉండగానే నలుగురైదుగురు కలిసి కౌన్సిలర్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లోకి మురుగు వస్తే ఎత్తిపోసేది ఆడవాళ్లే కాబట్టి వాళ్లనూ తీసుకెళ్లండి. ‘అన్నా, మా కాలువ సంగతి చూడు’ అంటే ‘చూద్దాం’ అనే జవాబే వస్తుంది. ‘అన్నా, ఈసారి ఎజెండాలో ఇది పెట్టించు, కాగితం రాసి తెచ్చాం’ అనండి. ఆ పనికి అంచనా వేశారో లేదో ఇంజనీరింగ్ సెక్షన్‌లో కూడా అడగండి.

మా కౌన్సిలర్‌ది ఒక పార్టీ, పక్క వార్డాయనది ఇంకో పార్టీ. కాలువ రెండు వార్డుల్లోంచీ పోతుంది. అందుకని అర్జీ మీద ఇద్దరి చేతా సంతకం పెట్టించాం. ఆ అంశం వచ్చినప్పుడు గొడవే జరగలేదు.

సమావేశాన్ని చూసేందుకు ముందే అనుమతి అడగండి. లోపల కేకలు వేయొద్దు. వార్డు సమస్యలకు ఎన్ని నిమిషాలు పోయాయో, పార్టీల తగవులకు ఎన్ని పోయాయో రాసుకోండి. ఎవరినీ తిట్టకుండా ఆ రెండు అంకెలే వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, స్థానిక విలేకరికీ ఇవ్వండి. మా దగ్గర దేనికీ కదలనివాళ్లు దానికి కదిలారు.

తెలంగాణ 2019 మునిసిపల్ చట్టంలో వార్డుకు నాలుగు కమిటీలున్నాయి: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. మీ వార్డులో అవి పనిచేస్తుంటే చేరండి. పాలకవర్గం గడువు తీరి ప్రత్యేకాధికారి ఉంటే, అదే అర్జీని ఆయనకూ, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ ఇవ్వండి.

తీర్మానం అయ్యాక

ఇక్కడ చాలామంది ఇంటికెళ్లిపోతారు. దయచేసి వెళ్లొద్దు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో తీర్మానం నకలు, అంచనా, వర్క్ ఆర్డర్, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

ఎం-బుక్ చేతికొచ్చాక మళ్లీ టేపు తీయండి. మా కాలువలో నలభై మీటర్లు పూడిక తీసినట్టు రాశారు, కొలిస్తే పదిహేను దగ్గరే ఆగింది. ఆ పేజీ, ఫొటో పట్టుకెళ్లి చూపించాం. మిగతా పూడిక తీశారు, పైపును కల్వర్టు మీదుగా మళ్లించారు.