చిన్న గాజుపెట్టె తోటకు బుల్లి ఆర్కిడ్లను ఎంచుకోవడం ఎలా?

అడుగు వెడల్పు, అడుగు లోతు, అడుగున్నర ఎత్తు ఉన్న టెర్రేరియంలో, అంటే గాజుపెట్టె తోటలో, నాచు, చిన్న ఫెర్న్‌లు, ఒక కొయ్య ముక్క అమర్చుకున్న తరువాత అందులో ఒక ఆర్కిడ్ పూస్తే చూడాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది. ఆ కోరిక తీరనిదేమీ కాదు. కాకపోతే మనం పువ్వు ఫొటో చూసి ముచ్చటపడి, ధర అడిగి, మొక్కను ఇంటికి తెచ్చేసుకుంటాం. అది పుట్టిన కొండ ఎంత ఎత్తున ఉంది, అక్కడ రాత్రిళ్లు ఎంత చల్లగా ఉంటాయి అన్న ప్రశ్న మొక్క చచ్చిన తరువాత గాని గుర్తుకు రాదు. మన ఎండల్లో పెంచేవారు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

ముందుగా పెట్టెలోని రాత్రిని కొలవండి

కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుపెట్టుకునే చిన్న డిజిటల్ థర్మామీటరును పెట్టె లోపల, సగం ఎత్తులో, దీపం కాంతి నేరుగా తగలని చోట ఉంచి, ఒక వారం పాటు రోజూ ఉదయం రెండు అంకెలూ రాసుకోవాలి. గది ఉష్ణోగ్రత తెలుసు కదా అని ఈ పని మానుకోవద్దు. ఎల్‌ఈడీ దీపం వెలుగుతున్నంతసేపు మూసిన గాజు లోపల రెండు మూడు డిగ్రీలు పెరగడం మామూలే. ఈ కొలత ఏప్రిల్, మే నెలల్లో తీస్తేనే పనికివస్తుంది. డిసెంబరులో తీసిన కొలత మనల్ని మోసం చేస్తుంది.

పగటి వేడి కంటే రాత్రి వేడికి ఎందుకింత ప్రాముఖ్యమంటే, మొక్క పగలు వెలుతురులో తయారుచేసుకున్న చక్కెరను రాత్రి శ్వాసక్రియలో కొంత ఖర్చుచేస్తుంది, వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చు కూడా పెరుగుతుంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల మబ్బు అడవుల్లో పుట్టిన మాస్డెవాలియా, డ్రాకులా అనే ఆర్కిడ్ జాతుల్లో చాలావాటికి 10 నుంచి 15 డిగ్రీల రాత్రులు అలవాటు. వాటిని 28 డిగ్రీల రాత్రిలో ఉంచితే సంపాదన కంటే ఖర్చే ఎక్కువై, అవి రోజురోజుకూ నీరసిస్తాయి. నేను మొదటి ఏడాది ఒక నర్సరీ నుంచి ఫిబ్రవరిలో మాస్డెవాలియా తెప్పించుకున్నాను. మార్చిలో ఒక మొగ్గ కూడా వేసింది. ఏప్రిల్ మూడో వారానికి ఆకులు మొదళ్ల దగ్గర నల్లబడి, చేత్తో తాకితే చాలు ఊడి చేతికి వచ్చేవి. నీళ్లు తక్కువయ్యాయేమోనని మరిన్ని పోశాను. దాంతో అది నాలుగు రోజులు ముందే పోయింది.

మే నెల రాత్రి మీ పెట్టె 26 డిగ్రీల కంటే కిందికి దిగకపోతే, పల్లపు అడవుల నుంచి వచ్చిన వేడి జాతులకే పరిమితం కావడం మంచిది. రాత్రంతా ఏసీ నడిచే గదిలో 22, 23 డిగ్రీలు నిలకడగా ఉంటే మధ్యస్థ ఎత్తుల మొక్కలను కూడా ప్రయత్నించవచ్చు. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులోనో బెంగళూరులోనో ఉన్నవారికి ఈ విషయంలో మనకంటే స్వేచ్ఛ ఎక్కువ. న్యూ గినీ కొండల ఆర్కిడ్ డెండ్రోబియం కత్‌బర్ట్‌సనై పువ్వు నెలల తరబడి వాడదని చదివి ఎవరైనా ఆశపడతారు గాని, శీతలయంత్రం అమర్చే ఉద్దేశం లేకపోతే దాన్ని ఫొటోలో చూసి ఊరుకోవడమే మేలు.

తరువాత స్కేలు తీయండి

బజారులో ‘మినీ’ అని రాసి అమ్మే ఫలనాప్సిస్ మొక్క పూలకాడతో కలిపి జానెడు దాటుతుంది. ఒక్కో ఆకే అరచేయంత ఉండవచ్చు. అది కిటికీ దగ్గర కుండీలో అందంగా ఉంటుంది గాని, అడుగు వెడల్పు పెట్టెలో ఏనుగును కూర్చోబెట్టినట్టు ఉంటుంది. ఆర్కిడ్లు పెంచేవారు ఇంచుమించు 15 సెంటీమీటర్ల లోపు మొక్కలన్నిటినీ బుల్లివనే అంటారు. మన పెట్టెకు ఆ కొలత కూడా పెద్దదే. ఆకు 5 సెంటీమీటర్లు దాటనివి, పూలకాడ దీపం దాకా ఎగబాకనివి చూసుకోవాలి. అమ్మేవారిని ‘ఇప్పుడెంత ఉంది’ అని కాక ‘పూర్తిగా ఎదిగితే ఎంత అవుతుంది’ అని అడగాలి.

మన వేడికి నిలిచేవి

ఒక్కటే కొనదలచుకున్నవారికి నేను ముందుగా చెప్పే పేరు స్పెక్లీనియా గ్రోబ్యై. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా విస్తారంగా పెరిగే మొక్క కాబట్టి దీనికి పట్టింపులు తక్కువ. చెంచా ఆకారపు చిన్న ఆకులు గుబురుగా వస్తాయి. వాటి అడుగుభాగం తరచు ఊదారంగులో ఉంటుంది. సన్నని కాడ మీద మిరపగింజ కంటే కాస్త పెద్దవైన పసుపు పూలు వరుసగా విచ్చుకుంటాయి.

ఎరిసినా పుసిల్లా స్వభావం వేరు. విసనకర్రలా పరుచుకున్న ఆకులు, ఆకుల గుత్తికి మించిపోయేలా కనిపించే పసుపుపచ్చని పువ్వు. అమెరికా ఉష్ణమండలంలో ఇది సన్నని కొమ్మల చివర్లలో, తోటల్లోని జామచెట్ల మీద కూడా కాపురం పెడుతుంది. దీనికి కేవలం 12 క్రోమోజోములే ఉన్నాయి. విత్తనం మొలిచిన ఏడాదిలోపే పూయగలదు. అందుకే పరిశోధనశాలల్లోనూ దీన్ని పెంచుతారు. త్వరగా పూసే ఈ మొక్క ఆయుష్షు తక్కువని ముందే తెలుసుకుని కొనాలి. నాచు చుట్టకుండా పుల్లకు నేరుగా కట్టి, దీపానికి దగ్గరగా, గాలి ఆడేచోట పెట్టాలి.

కొలంబియా పల్లపు అడవుల లెపాంథెస్ టెలిపోగోనిఫ్లోరా పువ్వు నారింజ ఎరుపులో దాని ఆకు కంటే పెద్దదిగా ఉంటుంది. వేడిని సహిస్తుంది గాని ఎండిపోవడాన్ని ఒక్క పూట కూడా సహించదు. పెట్టెలో తేమ నిలకడగా ఉందని కొన్ని నెలలు చూసుకున్న తరువాతే దీని జోలికి వెళ్లండి.

నేల మీద పెట్టడానికి ఆగ్నేయాసియా మొక్క మాకోడెస్ పెటోలా బాగుంటుంది. ముదురాకుపచ్చ మఖమలు మీద జరీ పోగులు అల్లినట్టున్న ఈనెలే దాని అందం, పూలు నామమాత్రం. దాని బంధువు ల్యుడీసియా సులువుగా దొరుకుతుంది గాని, పాకుతూ పెట్టెనంతా ఆక్రమిస్తుంది. బల్బోఫిల్లమ్ అనే ఆర్కిడ్లలో వేడికి తట్టుకునే చిన్నవి ఎన్నో ఉన్నాయి. అయితే ఈగలను పిలవడానికి కుళ్లిన మాంసం వాసన వేసేవి కూడా వాటిలో తక్కువేమీ కాదు కాబట్టి, పడకగదిలో పెట్టేవారు వాసన సంగతి అడిగి మరీ కొనాలి.

పెట్టెలో ఎవరి చోటు వారిది

చెట్టు మీద పెరిగే ఆర్కిడ్ బదనిక లాగా చెట్టు రసం పీల్చదు; పట్టు కోసమే కొమ్మను ఆశ్రయించి, వానలోనూ మంచులోనూ నీరు అందుకుంటుంది. దాని వేరు మీద స్పంజి లాంటి తెల్లని పొర ఉంటుంది. తడిసినప్పుడు ఆ పొర లోపలి పచ్చదనాన్ని బయటికి చూపుతుంది, ఆరితే వెండిరంగుకు తిరుగుతుంది. నీళ్లు చల్లాలా వద్దా అన్నదానికి వేరు రంగును మించిన గుర్తు లేదు. ఇలాంటి మొక్కను అడుగున తడి మట్టిలో నాటితే వేర్లకు ఊపిరాడదు. అందువల్ల కొమ్మ మొక్కలను పైభాగంలో, మాకోడెస్‌ను కింద, బెరడు ముక్కలు, బొగ్గు, నాచు కలిపిన వదులైన మిశ్రమంలో పెట్టాలి.

చల్లే నీరు వాన నీరైనా, ఆర్‌ఓ నీరైనా కావాలి. బోరు నీటి ఉప్పు ఆకుల మీద తెల్లని చారికలు కట్టి, వేళ్ల కొసలను మాడుస్తుంది. యూఎస్‌బీతో నడిచే చిన్న ఫ్యాను గంటకు కొన్ని నిమిషాలు తిరిగినా కుళ్లు చాలావరకు తగ్గుతుంది. పెట్టె మీద నేరుగా ఎండ పడకూడదు.

కొనేముందు చూడవలసినవి

పూర్తి శాస్త్రీయ నామం లేని మొక్కను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు, ఎందుకంటే పేరు లేనిదే అది పుట్టిన ఎత్తు తెలియదు. ల్యాబులోనో నర్సరీలోనో పెంచినదా, అడవి నుంచి తెచ్చినదా అని అడగాలి. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం పరిధిలో ఉంది కాబట్టి, విదేశాల నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో పత్రాలు లేకుండా మొక్క తెప్పించుకోవడం నేరమవుతుంది. ఆకుల కంటే ముందు వేర్లు చూడండి. నొక్కితే గట్టిగా ఉన్న నాలుగు వేర్లు, వాడిన పది ఆకుల కంటే విలువైనవి.

ఇంటికి తెచ్చిన మొక్కను రెండు మూడు వారాలు విడిగా ఒక మూత డబ్బాలో ఉంచి, రాత్రిపూట టార్చి వేసి చూడాలి. గోరంత కూడా లేని నత్తలు ఆ సమయంలోనే బయటికి వచ్చి, లేత వేరు కొసలను కొరుకుతుంటాయి. ఆ తరువాత సన్నని నైలాన్ దారంతో కార్క్ బెరడు మీద, మొక్క కదలకుండా, మొదలు నాచులో కూరుకుపోకుండా కట్టండి. కొన్ని వారాలకు దారం పక్కనుంచి లేతాకుపచ్చ కొసతో కొత్త వేరు బయలుదేరి బెరడును అంటుకుంటుంది. దారం కోసేయవలసింది అప్పుడే, రెండో మొక్క కొనవలసింది కూడా అప్పుడే.