స్లేటు కప్పు, రాగి గట్టర్లు: విశాఖలో పని మొదలెట్టే ముందు జాగ్రత్తలు

ఇంటికి స్లేటు (పలక రాయి) కప్పు వేయించుకోవాలని అనుకుంటే ముందు క్యాలెండరు చూడండి, కొటేషన్ సంగతి తర్వాత. సంక్రాంతికి ఊళ్ళకి వెళ్ళిన పనివాళ్ళు తిరిగొచ్చాక ఏప్రిల్ మధ్య వరకు విశాఖలో నికరంగా పొడి రోజులు దొరుకుతాయి. ఆ తర్వాత సాయంత్రాలు ఈదురుగాలులు మొదలవుతాయి. జూన్‌లో నైరుతి వానలు దిగుతాయి. అవి వెనక్కి తగ్గాయనుకునే సరికి అక్టోబరు వచ్చేస్తుంది. మన ఊళ్ళో ఎక్కువ వాన పడే నెల అదే. హుద్‌హుద్ తుపాను విశాఖని తాకింది కూడా 2014 అక్టోబరు 12నే, గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల గాలితో. మే నెలాఖరుకి పని పూర్తవుతుందని మేస్త్రి గట్టిగా చెప్పలేకపోతే వచ్చే జనవరి దాకా ఆగమనే నా సలహా. పాత కప్పు విప్పేసి, కొత్తది సగం వేసి, పైన టార్పాలిన్ కప్పుకుని వానాకాలంలోకి అడుగుపెట్టడం కంటే పాత పెంకుల కింద ఇంకో ఏడాది ఉండటం నయం.

భవనాల మీద గాలి ఒత్తిడిని లెక్కగట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. మీ ఇంజినీరు ఈ అంకె పెట్టుకునే లెక్క వేశారా లేదా అని అడగండి. ఎండాడ, రుషికొండ వైపు గుట్టల మీద సముద్రానికి ఎదురుగా కట్టుకునేవాళ్ళు మరీ అడగాలి. గుట్ట మీదికి ఎక్కే గాలి ఇంకా జోరందుకుంటుంది కాబట్టి అక్కడ ఆ అంకెని పెంచుకోవాలి.

ఇక అసలు విషయం. మంచి స్లేటు రాయి కుళ్ళదు. రాగికి ఇనుములా తుప్పు పట్టదు. ఈ రెంటి కప్పు మన ఊళ్ళో పాడైందంటే ముందుగా చూడాల్సింది మేకుని. సాగర్‌నగర్ వైపు ఒక ఇంటి కప్పు విప్పుతుండగా దగ్గరుండి చూశాను. పలకలు ఎక్కడా చెక్కు చెదరలేదు. వాటిని పట్టి ఉంచిన జీఐ (జింకు పూత పూసిన ఇనుప) మేకులు మాత్రం, చెక్కలోకి దిగిన భాగం బాగానే ఉండి, తల కింద మెడ దగ్గర సూదిలా సన్నబడిపోయాయి. వేలితో నొక్కితే తల ఊడి చేతిలోకి వచ్చింది. జింకు పూత ఉప్పుగాలికి ఆగలేదు. నిక్షేపంలాంటి పలకలు ఒక్కొక్కటే జారి చూరు మీదికి వచ్చాయి. ఆ ఇంటివాళ్ళు మేకుల దగ్గర ఆదా చేసిన డబ్బు మొత్తం ఖర్చులో లెక్కలోకి కూడా రాదు.

అందుకే మేకులు రాగివే కొనండి, లేదా 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి. మామూలుగా దొరికే 304 గ్రేడుని సముద్రం దగ్గర ఉప్పుగాలి చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్ళండి. రాగి పూత పూసిన ఇనుప మేకులు చూడటానికి అచ్చం రాగిలానే ఉంటాయి, కాని అయస్కాంతానికి అతుక్కుపోతాయి. పొడవుకి లెక్క ఉంది: పలక మందానికి రెండింతలు, దానికి ఒక అంగుళం కలపాలి. ఆరు మిల్లీమీటర్ల పలకకి అంగుళంన్నర మేకు సరిపోతుంది.

కొట్టే పద్ధతిలోనే పనితనం తెలుస్తుంది. పలకకి బెజ్జం వెనక వైపు నుంచి పొడవాలి. అప్పుడు ముందు వైపు రాయి కొద్దిగా పెచ్చు లేచి చిన్న గుంట పడుతుంది, మేకు తల అందులో కూర్చుంటుంది. తల ఆ గుంటలో ఆనగానే సుత్తి ఆపెయ్యాలి. ఇంటాయన పక్కన నిలబడి "గట్టిగా ఇంకో దెబ్బ వెయ్యి మేస్త్రీ" అంటే పెద్ద వయసు మేస్త్రి ఒకాయన "వద్దు బాబూ, బిగించీసేమంటే పగిలిపోద్ది, పలక వేలాడాల" అన్నాడు. ఆయన మాటే సరైనది. తల పైకి తేలితే పై వరస పలకని పొడుస్తుంది, లోపలికి దిగితే ఆ పలకనే చిట్లగొడుతుంది. ప్రతి పలకకీ రెండు మేకులు తప్పనిసరి. చూరు, కొప్పు, గోడ మూలల దగ్గర గాలి కప్పుని పైకి లాగుతుంది కాబట్టి అక్కడ 316 స్టీలు కొక్కేలు కూడా వేయించండి.

రాయి ఎంపికలో మనకి అదృష్టం ఉంది. మన రాష్ట్రంలోని మార్కాపురం పలకల ఊరే కదా. అయితే బడి పలకకి పనికొచ్చే ప్రతి రాయీ కప్పుకి పనికిరాదు. పలకని వేలిమీద వేలాడదీసి వేలి కణుపుతో కొట్టండి, కంగుమని మోగాలి. మొద్దుగా మోగిందంటే లోపల పగులు ఉన్నట్టే, పక్కన పెట్టెయ్యండి. రెండు మూడు పలకల్ని సగానికి నీళ్ళలో నిలబెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్న తడి నీటి గీత కంటే బాగా పైకి పాకితే ఆ సరుకు వద్దు. రాయిలో బంగారంలా మెరిసే చుక్కలుంటే వానకి తుప్పు మరకలు దిగి, కొన్నాళ్ళకి అక్కడే చిల్లు పడొచ్చు. కడప రాయిని స్లేటు పేరు చెప్పి అంటగడితే ఒప్పుకోకండి. అది సున్నపురాయి జాతి, కప్పుకి అంత పల్చగా చీలదు.

ఒకదాని మీద ఒకటి ఎక్కించి పరిచేసరికి స్లేటు కప్పు చదరపు మీటరుకి 35 నుంచి 50 కిలోల దాకా తూగుతుంది. వంద చదరపు మీటర్లకి మూడున్నర నుంచి ఐదు టన్నులు. రేకుల కోసం వేసిన ట్రస్సుల మీద ఇది పెట్టనే కూడదు. పాత పెంకుటింటి వాసాలైతే చెదలు పట్టాయేమో ఒక్కొక్కదాన్నీ ఉలితో పొడిచి చూడాలి. వాలు 30 డిగ్రీల కంటే తక్కువ ఉంటే ఈ ఊళ్ళో స్లేటు వద్దనే చెబుతాను. పై వరస రెండు వరసల కిందనున్న పలకని కనీసం మూడంగుళాలు కప్పాలి. విశాఖ వానకి నేను నాలుగంగుళాలు అడుగుతాను. 16 అంగుళాల పలకలో నాలుగు తీసేసి మిగతా దాన్ని సగం చేస్తే బయటికి కనిపించేది ఆరంగుళాలు. మేస్త్రి ఏడంగుళాలు వదిలి వేస్తుంటే పలకలు మిగిలిస్తున్నాడన్నమాట.

రాగి ఫ్లాషింగ్‌కి (కప్పు, గోడ కలిసే చోట నీళ్ళు దిగకుండా వేసే పట్టీకి) రేకు మందం 0.55 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు, గట్టరుకి (చూరు నీళ్ళు పట్టే తొట్టి కాలవకి) 0.7 పెట్టుకోండి. రాగి వేడికి సాగుతుంది: పది మీటర్ల గట్టరు తెల్లవారుజామున ఉన్న పొడవు కంటే మిట్టమధ్యాహ్నానికి ఏడెనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకని రేకులోంచి మేకులు దించేసి బిగించకూడదు. రాగి క్లిప్పులతో పట్టి, జరగడానికి చోటు వదలాలి. గట్టరుని మోసే బ్రాకెట్లు కూడా రాగివో ఇత్తడివో ఉండాలి. రాగికి జీఐ గానీ అల్యూమినియం గానీ తగిలితే తడి ఉన్నంతసేపూ రెండోది కరిగిపోతూనే ఉంటుంది. తగలకపోయినా, రాగి మీద నుంచి కారిన నీళ్ళు అల్యూమినియం మీద పడితే చాలు. మన ఇళ్ళల్లో సరిగ్గా చూరు కిందే ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పెడతారు, దాని రెక్కలు అల్యూమినియంవి. గట్టరు పొంగినా, టంకం మాటు ఊడినా ముందు పోయేది అదే, కాబట్టి ముందే పక్కకి జరిపించండి.

గట్టరు సైజు దగ్గర మొహమాటపడకండి. వంద చదరపు మీటర్ల కప్పు మీద గంటకి వంద మిల్లీమీటర్ల జోరున వాన పడితే గంటకి పదివేల లీటర్లు గట్టరులోకి వస్తాయి. నాలుగంగుళాల డౌన్ పైపులు రెండైనా ఉండాలి. ఒకదానికి బాదం ఆకు అడ్డం పడినా రెండోది ఆదుకుంటుంది. గట్టరు బయటి అంచు లోపలి అంచు కంటే కాస్త కిందకి ఉండాలి, అప్పుడు పొంగిన నీళ్ళు గోడలోకి కాకుండా బయటికి పడతాయి. ఆ నీళ్ళు సంపులోకి పట్టుకున్నా తాగడానికి మాత్రం వాడకండి.

టంకం పెట్టేటప్పుడు నిప్పు సంగతి మర్చిపోవద్దు. బ్లో ల్యాంప్ మంట రేకు వెనక ఉన్న ఎండు చెక్కని లోలోపల రాజేస్తుంది, పొగ చాలాసేపటికి గానీ కనిపించదు. మాటు పని మధ్యాహ్నం భోజనానికి ముందే ఆపించి, తర్వాత గంటసేపు బకెట్ నీళ్ళతో ఒక మనిషిని అక్కడే ఉంచండి.

పైకెక్కే మనుషుల సంగతి కాంట్రాక్టర్‌కి వదిలెయ్యకండి. ఇల్లు మీది కాబట్టి అడగాల్సింది మీరే. ఒంటికంతటికీ బిగించే హార్నెస్ ఐఎస్ 3521 ముద్రతో ఉండాలి, దాని తాడు రీపరుకి (పలకలు కొట్టే సన్న చెక్క పట్టీకి) కాక కొప్పు దూలానికి కట్టాలి. పలకల మీద నేరుగా అడుగు పెట్టకుండా కొప్పుకి తగిలించే నిచ్చెన వాడాలి. పొద్దున్నే మంచు తడి ఉన్నప్పుడు స్లేటు సబ్బులా జారుతుంది, అది ఆరేదాకా ఎవర్నీ ఎక్కనివ్వకండి. పలకలు మెషీనుతో కోస్తే నీళ్ళు పోస్తూనే కొయ్యాలి, ఎన్95 మాస్కు ఉండాలి. మధ్యప్రదేశ్ మందసౌర్‌లో పలక పుల్లలు కోసే పనివాళ్ళ ఊపిరితిత్తుల్ని సిలికోసిస్ తినేసింది ఈ దుమ్ముతోనే. పక్కనే కరెంటు తీగలుంటే 1912కి ఫోన్ చేసి, లైన్ ఆపించుకున్నాకే అల్యూమినియం నిచ్చెన లేపాలి.

పని మధ్యలో బంగాళాఖాతంలో అల్పపీడనమని విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం చెప్పిందా, ఆ రోజు నుంచి కొత్తగా కప్పు విప్పడం ఆపెయ్యండి. పైన పేర్చిన వదులు పలకలన్నీ కిందికి దించండి, గాలిలో లేచిన పలక కత్తితో సమానం. టార్పాలిన్‌ని తాళ్ళతో సరిపెట్టకుండా రీపర్లు అడ్డంగా వేసి మేకులు కొట్టించండి. గాలి మొదలయ్యాక మాత్రం ఎంత కారినా సరే, ఎవర్నీ పైకి పంపొద్దు. లోపల బకెట్లు పెట్టుకోండి.

తుపాను వెళ్ళాక కింద నుంచే బైనాక్యులర్‌తో ఒక్కో వరసా చూడండి. జారిన పలక ఉంటే పక్కవాటిని కదపకుండా పాత మేకులు కోసి తీసి, రాగి కొక్కెంతో కొత్తది నిలబెట్టే పని తెలిసిన మనిషినే పిలవండి. ఇందుకోసం మొదటే అదే గని సరుకులో వందకి ఐదు పలకలు ఎక్కువ కొని ఇంట్లో దాచుకోవాలి. మిగిలిన రాగి ముక్కలూ బయట వదలకండి, కిలో రేటు తెలిసిన చేతులు ఊళ్ళో చాలా ఉన్నాయి. డౌన్ పైపు కింద ఆరడుగులు మనిషి చేతికి అందే ఎత్తే కాబట్టి అక్కడ పీవీసీ పైపు వేయించి, రాగి దాని పైనుంచి మొదలయ్యేలా చూసుకోండి.