కరోనా కాలపు ఇంటి మాటలను రాసిపెట్టుకోవడం ఎలా

లాక్‌డౌన్ గురించి, టీకాల గురించి, ఆక్సిజన్ కొరత గురించి ప్రజలు ప్రభుత్వాలను ఏమన్నారో పాత పత్రికలు తిరగేస్తే కొంత తెలుస్తుంది. ఆ నిర్ణయాలు గడప దాటి ఇంట్లోకి వచ్చాక ఎవరు మెచ్చుకున్నారో, ఎవరు తిట్టుకున్నారో, ఎవరు ఏమీ అనకుండా పొయ్యి మీద ఎసరు పెట్టారో మాత్రం ఎక్కడా అచ్చుకాలేదు. ఆనాడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు హైస్కూలుకు వచ్చి ప్రశ్నలు అడుగుతుంటే, జవాబు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఒక్కొక్కటీ మరచిపోతున్నారు. మా ఇంటి మాటలన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ పనిలో తెలిసినవి ఇదే పనికి పూనుకునేవారికి ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా తేదీలను కుదుర్చుకోవాలి. అయితే ఇంగ్లీషు తేదీలతో అడిగితే ఎవరికీ ఏదీ గుర్తురాదు. ‘2020 మార్చి 25న ఏం చేశారు?’ అంటే మా అమ్మ తెల్లబోయింది. ‘శార్వరి ఉగాదికి వేపపువ్వు ఎవరు తెచ్చారు?’ అనగానే, ముందురోజు రాత్రి 8 గంటలకు టీవీలో ప్రధాని మాట్లాడటం, ఆ అర్ధరాత్రి నుంచే దేశమంతా మూతపడుతుందని విని జనం కిరాణా కొట్టు మీద పడటం, మామిడికాయ లేకుండానే పచ్చడి కలపడం, అన్నీ వరుసగా చెప్పుకొచ్చింది. మార్చి 22 జనతా కర్ఫ్యూ నాటి చప్పట్లు, భక్తులు లేకుండా జరిగిన భద్రాచలం కల్యాణం, ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు వెలిగించిన దీపాలు, తిరుమలలో దర్శనాలు ఆగిపోవడం, ఇవన్నీ అలాంటి గుర్తులే. రెండో వేవ్‌కు 2021 ఏప్రిల్ 13న వచ్చిన ప్లవ ఉగాదిని పట్టుకోండి. అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మే 5న మొదలై రోజూ మధ్యాహ్నం 12 గంటల నుంచి అమలైన కర్ఫ్యూకు, తెలంగాణలో మే 12 నుంచి ఉదయం 6 మొదలు 10 గంటల వరకే బయట తిరగనిచ్చిన లాక్‌డౌన్‌కు సులువుగా చేరుకోవచ్చు.

తరువాత కాగితాలు వెతకాలి. మా అమ్మ పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు ఇందుకు ఎంతో ఉపయోగపడింది. మార్చి 26 గడిలో ‘పాలు రాలేదు’ అనీ, 28 గడిలో ‘అర లీటరే’ అనీ, ఏప్రిల్ 5 గడిలో ‘దీపాలు, నాలుగు’ అనీ పెన్సిలుతో రాసి ఉంది. మందుల షాపు బిల్లులు, స్కానింగ్ రసీదులు చాలావరకు వేడికి అక్షరం తేలే కాగితం మీద ముద్రించినవి కాబట్టి నాలుగైదేళ్లకే తెల్లబడిపోతాయి. వాటిని వెంటనే ఫోటో తీసి, వెనుక తేదీ, మొత్తం పెన్నుతో రాసుకోండి. టీకా సర్టిఫికెట్లు, ప్రయాణపు పాసులు, ఆస్పత్రి డిశ్చార్జి కాగితాలు ఒకే కవరులో ఉంచండి. పాత ఫోను అమ్మేసేలోపే కుటుంబ వాట్సాప్ గ్రూపు చాట్‌ను ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఎవరు ఏ రోజున ఏ పుకారు నమ్మారో, ఎవరు ఎవరిని మందలించారో అందులో గంటా నిమిషాలతో సహా ఉంటుంది.

ఇక అసలు పని అడగడం. ‘ప్రభుత్వం బాగా చేసిందా?’ అని ఎప్పుడూ అడగకండి. ఆనాటి మనసుకు బదులు ఇవాళ్టి పార్టీ జవాబు చెబుతుంది. వస్తువును పట్టుకుని అడగాలి. తెలంగాణలో తెల్లకార్డు ఉన్నవారికి ఇచ్చిన మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్లు ఇంటికి తెచ్చిన 1,000 రూపాయలు ఎన్ని రోజులకు వచ్చాయి, దేనికి ఖర్చయ్యాయి, కార్డు లేని పొరుగువాళ్లు ఏమన్నారు? మద్యం దుకాణాలు తెరిచిన రోజున ఇంట్లో ఆడవాళ్లు ఏమనుకున్నారు? ఫోన్లో పాఠాలంటే ఒక్క ఫోనును ఇద్దరు పిల్లలు ఎలా పంచుకున్నారు? 2021 మేలో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపినప్పుడు, ఆ తరువాత హైకోర్టు స్టే ఇచ్చినప్పుడు, చెరొక రాష్ట్రంలో ఉన్న అన్నదమ్ములు ఫోన్లో ఏం మాట్లాడుకున్నారు? ఇలా అడిగితే మెప్పూ కోపమూ రెండూ వాటంతటవే బయటికి వస్తాయి.

ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగండి, అందరి మాటలనూ కలిపి ఒక్క అభిప్రాయంగా వండకండి. ఒకే మనిషిలో కూడా రెండు మాటలుంటాయి. మా ఊరి పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప వేసినప్పుడు, బయటివాళ్లను రానివ్వకూడదని గట్టిగా అన్నవారిలో మా అమ్మ ఒకరు. అదే వారంలో హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ అయ్యి, పోలీసులిచ్చిన పాసులతో బయల్దేరి సరిహద్దులో ఆగిపోయినవారిలో మా తమ్ముడు ఉన్నాడు. ‘కంప వెయ్యడం మంచిదే, నా కొడుకును ఆపడం అన్యాయం’ అని ఆమె నాతో అన్నది. మొదట ఆ మాటను సరిచేయబోయాను, తరువాత ఉన్నదున్నట్టే రాశాను. ప్రజాభిప్రాయమంటే నాకు ఇప్పుడు గుర్తుకొచ్చేది ఆ వాక్యమే. అభిప్రాయం తరువాత మారినవారుంటే పాత మాటను కొట్టేయకుండా, కొత్తదాన్ని కింద వేరే రంగు సిరాతో, చెప్పిన తేదీతో రాయండి. వారి యాసను పుస్తకభాషలోకి దిద్దకండి.

మనిషిని పోగొట్టుకున్న ఇంటికి మాత్రం రికార్డరు పట్టుకుని వెళ్లకూడదు. మొదటిసారి ఊరికే వెళ్లి కూర్చోండి. మాట వాళ్లే ఎత్తితే వినండి, మధ్యలో తేదీలు అడగకండి. పరాయి దేశంలో ఉండి తండ్రి అంత్యక్రియలను వీడియోకాల్‌లో చూసిన మా బావగారు రెండేళ్లపాటు ఆ ఊసే ఎత్తలేదు. తీరా చెప్పినప్పుడు, విమానాలు ఆపినందుకు కోపం లేదనీ, ఆస్పత్రి నుంచి ఎవరూ ఫోను ఎత్తకపోవడమే తన బాధ అనీ అన్నారు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన 50,000 రూపాయల పరిహారానికి దరఖాస్తు చేసి ఉంటే, మరణకారణం ఏమని రాశారో, ఆ కాగితం కోసం ఎన్నిసార్లు తిరిగారో వారు ఇష్టపడి చెబితేనే చేర్చండి. రాసినదాన్ని వారికి చదివి వినిపించి, ఇంట్లోవారు మాత్రమే చదవాలన్న పేజీలను విడిగా కుట్టండి.

ఫోనులో ఉంచితే సరిపోదు, రెండు ప్రతులు అచ్చు తీయించి రెండు ఇళ్లలో పెట్టండి. చివర పదిపన్నెండు కాగితాలు ఖాళీగా వదలండి. మా పుస్తకంలో ఆ ఖాళీ పేజీ మీద మొదట రాసింది మా మేనకోడలు: ‘అమ్మమ్మా, కంప వేసిన రోజుల్లో మామయ్య ఎక్కడ పడుకున్నాడు?’ సంక్రాంతికి తమ్ముడు వచ్చినప్పుడు ఆ జవాబు అతని చేతే రాయించాలి.