మూడు రోజుల మారథాన్‌కు తోడు వెళ్తున్నారా?

నాకు పరుగు రాదు. హన్మకొండలో టెంట్ హౌస్ నడుపుతా. మా దోస్తులు ఒక సర్కారు బడి కోసం విరాళాలు పోగు చేస్తూ ములుగు, రామప్ప, తాడ్వాయి మీదుగా మేడారం దాకా మూడు రోజులు పరుగెత్తుతారు. రోజుకో మారథాన్, అంటే 42 కిలోమీటర్ల పైమాటే. వాళ్ల వెంట బండి నాది. పెళ్లిలో టెంట్ వాడిని ఎవరూ చూడరు, కుర్చీ తక్కువైతేనే గుర్తొస్తాడు. ఇదీ అలాంటి పనే.

అన్నిటికంటే ముందు ఒక అలవాటు మానుకోండి. "ఏం కావాలి రా?" అని అడగొద్దు. రెండో రోజు మధ్యాహ్నానికి వాళ్ల బుర్ర పనిచేయదు, ఏది అడిగినా "ఏం వద్దు" అనే అంటారు. ఎక్కడ ఏమివ్వాలో ముందు రాత్రే వాళ్లతో కూర్చొని రాసుకోండి. మరునాడు అడగడం లేదు, చేతికివ్వడమే. "అన్నా, ఈ అరటిపండు తిని పో." అంతే.

బండిని రన్నర్ వెనకాలే మెల్లగా నడపడం మనవాళ్లకు ముచ్చట. కానీ ములుగు హైవే మీద ఇసుక లారీలు తిరుగుతాయి, అంత మెల్లగా పోయే బండి వాళ్లకు ఊహకందదు. మూడు, నాలుగు కిలోమీటర్లు ముందుకెళ్లి, రోడ్డు దిగి ఆగండి. రన్నర్ కుడివైపున, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా పరుగెత్తాలి. బండి ఎడమవైపు ఉంటుంది కాబట్టి నీళ్ల సీసాతో రోడ్డు దాటాల్సింది మీరు, అలసిపోయిన మనిషి కాదు. కోతల కాలంలో రోడ్డు అంచున వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. అలాంటి చోటు కనిపిస్తే రన్నర్‌కు ముందే చెప్పండి. తాడ్వాయి వైపు ఏటూరునాగారం అభయారణ్యం ఉంది, అక్కడ తెల్లారకముందు పరుగు వద్దు. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, ఎక్కడ కలవాలో నోటితోనే ఖాయం చేసుకోండి. జాతర ఏడాది అయితే మాఘమాసంలో ఆ దారి ఊసే ఎత్తొద్దు.

ఇక నీళ్లు. ప్రేమతో తాగించే వాళ్లే ఎక్కువ ప్రమాదం. దాహం లేకున్నా లీటర్లకు లీటర్లు పోస్తే ఒంట్లో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, తికమక మొదలవుతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. నేను బండిలో బరువు తూచే మిషన్ పెట్టుకుంటా. పరుగు ముందు కంటే తర్వాత బరువు పెరిగిందంటే నీళ్లు ఎక్కువైనట్టే. దాహానికి తగ్గట్టు తాగనివ్వండి, ఉప్పు తగలనివ్వండి. ఓఆర్ఎస్ అయితే మెడికల్ షాపులో దొరికే పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. పండ్ల రుచి డబ్బాల మీద 'ఓఆర్ఎస్' అని చూసి మోసపోవద్దు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాలకు ఆ పేరు వాడొద్దని చెప్పింది.

తిండి సంగతికొస్తే రన్నర్లు పరుగులో శక్తికి తినే తీపి జెల్ ప్యాకెట్లు మొదటి రోజు బాగానే పోతాయి, తర్వాత తీపి చూస్తేనే వికారం. అప్పుడు సర్వపిండి ముక్కలు, సకినాలు, ఉప్పేసిన పెరుగన్నం బయటికి తీయండి. సాయంత్రం ఆగిన గంటలోపే అన్నం, పప్పు, గుడ్లు పెట్టాలి. స్నానం చేసి తింటానంటే ఒప్పుకోవద్దు, మంచం ఎక్కితే ఇక లేవరు.

కాళ్లు రోజూ సాయంత్రం చూడాలి. చిన్న బొబ్బను కదపొద్దు, మీద ప్లాస్టర్ చాలు. నడవనివ్వని పెద్ద బొబ్బనైతే శుభ్రం చేసిన సూదితో అంచున పొడిచి నీరు తీయండి, తోలు మాత్రం పీకొద్దు. తొడలకు, చంకలకు వాజలిన్ పొద్దున్నే దట్టంగా పెట్టించండి. పాదాలు వాస్తాయి కాబట్టి కొంచెం పెద్ద సైజు బూట్లు ఇంకో జత ఉండాలి. నొప్పి మాత్రలు మాత్రం మీ జేబులోంచి ఇవ్వొద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలను దెబ్బతీయగలవు.

ఒక్క విషయంలో మొహమాటం అసలే వద్దు. ఎండలో మనిషి తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. "ఇంకో నాలుగు కిలోమీటర్లే" అన్నా వినొద్దు. 108కు ఫోన్ చేయండి, కానీ అంబులెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకొని నిలబడొద్దు. నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లు పోయండి, మెడకు, చంకలకు, గజ్జలకు ఐస్ పెట్టండి. అందుకే మా షాపు పెద్ద టబ్, ఐస్ బాక్స్ ఎప్పుడూ బండిలో ఉంటాయి. వాటిని బీరు సీసాలకు వాడేవాళ్లను నేను బండి ఎక్కనివ్వను.

విరాళాల పని వేరే మనిషికి అప్పగించండి. క్యూఆర్ కోడ్ విరాళాలు తీసుకునే సంస్థ ఖాతాదే ఉండాలి, ఎవరి సొంత ఫోన్‌దీ కాదు. రెండు వేలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, ఆ మాట ఇచ్చేవాళ్లకు ముందే చెప్పండి.

చివరి రోజు రన్నర్లకు బైక్ తాళాలు ఇవ్వొద్దు. మూడు రాత్రులు సరిగ్గా పడుకోని మీరూ స్టీరింగ్ పట్టొద్దు. తిరుగు ప్రయాణానికి డ్రైవర్‌ను బయలుదేరేముందే మాట్లాడుకోండి, మేడారంలో దిగాక వెతికితే దొరకడు.