లాంటస్, ట్రెసిబా, సీసా ఇన్సులిన్: ఎవరికి ఏది కుదురుతుంది?

మిర్యాలగూడలో రైస్ మిల్లులకు పోయే దారిలో మా మందుల షాపు. హమాలీలు, లారీ డ్రైవర్లు, ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లు డాక్టర్ చీటీ నా ముందు పెట్టి, "అన్నా, వీటిలో ఏది మంచిది?" అని అడుగుతారు. చీటీలో ఉన్న మందు మార్చే హక్కు ఫార్మసిస్టుకు లేదు. డాక్టర్‌ను ఏం అడగాలో, ఆయనకు ఏం చెప్పాలో మాత్రం చెప్పగలను.

ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్‌ను బేసల్ అంటారు. రాత్రంతా, భోజనాల మధ్య కాలేయం వదిలే చక్కెరను అదుపులో పెట్టడమే దాని పని. అందుకే అది సరిపోతోందా లేదా అన్నది పరగడుపు షుగర్‌లో కనిపిస్తుంది. పొద్దున 110 ఉండి, మధ్యాహ్నం అన్నం తిన్నాక 280కి పోతుంటే బేసల్ పెంచి లాభం లేదు. మిక్స్‌టార్డ్ 30/70 వేరే సంగతి. అందులో తిండికి పనిచేసేది కూడా కలిసి ఉంటుంది, వేసుకున్న అరగంటలో తినాల్సిందే.

అన్నిటికన్నా చవకైనది సీసాలో వచ్చే ఎన్‌పీహెచ్ అనే పాత రకం బేసల్. పాలలా తెల్లగా ఉంటుంది, ప్రతిసారీ అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపాలి. వేసిన 4 నుంచి 10 గంటల మధ్య దీని జోరు ఎక్కువ. రాత్రి 9కి వేసుకుంటే ఆ జోరు అర్ధరాత్రి దాటాక వస్తుంది, షుగర్ పడిపోయే భయం అప్పుడే.

గ్లార్జిన్ అనే బేసల్ నీళ్లలా తేటగా ఉంటుంది. లాంటస్, బాసలాగ్ దాని కంపెనీ పేర్లు. దాదాపు 24 గంటలు పెద్దగా ఎగుడుదిగుడు లేకుండా పనిచేస్తుంది. 2022లో మన దేశపు అత్యావశ్యక మందుల జాబితాలో చేరింది. దీన్ని ఇంకో ఇన్సులిన్‌తో ఒకే సిరంజిలో కలపకూడదు. టౌజియో కూడా గ్లార్జినే, కాకపోతే మూడింతలు చిక్కన. అది వచ్చే పెన్ను (పెన్నులా ఉండే ఇన్సులిన్ సూది) నుంచి సిరంజితో ఎప్పుడూ లాగొద్దు.

డెగ్లుడెక్, అంటే ట్రెసిబా, 42 గంటల దాకా ఉంటుంది. రోజూ ఒకే టైముకు వేసుకోవడం మంచిదే. కానీ ఒక రాత్రి లోడుతో విజయవాడ, ఇంకో రాత్రి ఇంట్లో ఉండే డ్రైవర్‌కు ఆ టైము కుదరదు. అలాంటివాళ్లకు ఇది ఊరట, 18 ఏళ్లు దాటినవాళ్లకు రెండు సూదుల మధ్య 8 గంటలు ఉంటే చాలు. డోసు మార్చిన ఫలితం పూర్తిగా తెలియడానికి 3, 4 రోజులు పడుతుంది, తొందరపడి రోజూ పెంచొద్దు. వారానికోసారి వేసే ఐకోడెక్ అనే ఇంకో బేసల్‌కు 2024లో యూరప్ అనుమతి ఇచ్చింది.

ఖరీదైనదే మంచిదనుకొని చాలామంది దిగులు పడతారు. టైప్ 2లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) తగ్గించడంలో వీటి మధ్య తేడా తక్కువ. కొత్తవాటితో ముఖ్యంగా దక్కే లాభం, రాత్రిపూట షుగర్ పడిపోవడం తగ్గడం. ఒంటరిగా పడుకునే ముసలాయనకు, కిడ్నీ దెబ్బతిన్నవారికి అది చాలా పెద్ద లాభం. అవసరం లేనివారు అప్పు చేసి రెండు నెలలు పెన్ను కొని మూడో నెల మానేయడం నాకు బాధగా ఉంటుంది. "నెలకు ఇంతే పెట్టగలను" అని డాక్టర్‌తో చెప్పండి, సిగ్గుపడొద్దు. సూది ఎవరు వేస్తారు, ఎన్నింటికి తింటారు, రాత్రి డ్యూటీ ఉందా, కల్లు తాగుతారా, ఇవీ చెప్పండి. వారం రోజుల పరగడుపు రీడింగులు కాగితం మీద రాసుకొని పోండి.

అసలు ప్రమాదం సిరంజి దగ్గర ఉంది. మన సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. గ్లార్జిన్ సీసాలు 100 యూనిట్లవి కూడా ఉంటాయి. 100 సీసాకు 40 సిరంజి వాడితే డోసు రెండున్నర రెట్లు పడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని షాపులోనే చూపించుకోండి.

తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, ఫ్రీజర్‌లో పెడితే పాడైపోతుంది. తెరిచాక 30 డిగ్రీలు దాటకూడదు. లాంటస్ 28 రోజులు, ట్రెసిబా 56 రోజులు వాడొచ్చు, తెరిచిన తేదీ పెన్ను మీద రాయండి. మే నెలలో మన నల్గొండ ఎండకు రేకుల ఇంట్లో వేడి 30 డిగ్రీల లోపు ఉండదు. పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, పెన్నును కవర్‌లో చుట్టి అందులో ఉంచండి. ఇసుక ఆరనీయొద్దు.

చెమటలు, వణుకు వచ్చి షుగర్ 70 కన్నా తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు పాత డోసే వేసుకోవద్దు. ఎన్‌పీహెచ్ రోజుకు రెండుసార్లు వేసుకునేవారు గ్లార్జిన్‌కు మారితే డాక్టర్లు మామూలుగా మొత్తం డోసు 20 శాతం తగ్గించి మొదలుపెడతారు. కొత్త డోసు ఎంతో చీటీలో అంకెల్లో రాయించుకోండి, మొదటి వారం తెల్లవారుజామున 3 గంటలకు కూడా ఒకటి రెండుసార్లు షుగర్ చూడండి.