పిల్లల ఆలోచన తెలుసుకోవడానికి గుప్పెడు చింతగింజలు

కొత్తగా చేరిన అంగన్‌వాడీ టీచర్లు నన్ను తరచూ అడుగుతుంటారు: "అక్కా, ట్రైనింగ్‌లో చెప్పిన పియాజే, వైగోట్‌స్కీ మన సెంటర్లో దేనికి పనికొస్తారు?" వాళ్లిద్దరూ పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించినవాళ్లు. పిల్లలకు ఎప్పుడు సాయం చేయాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలుసుకోవడానికి పనికొస్తారమ్మా.

ముందు గుప్పెడు చింతగింజలు తెచ్చుకోండి. ఐదేసి గింజలు రెండు వరసలుగా, ఎదురెదురుగా పేర్చండి. రెండు వరసలూ సమానమేనా అని నాలుగేళ్ల పిల్లని అడిగితే అవునంటుంది. తను చూస్తుండగానే ఒక వరసను ఎడం ఎడంగా జరిపి మళ్లీ అడగండి. ఆ పొడుగు వరసలోనే ఎక్కువున్నాయని చాలామంది చెబుతారు. తప్పు అనకండి. "ఎందుకలా అనిపించింది?" అని అడిగి, చెప్పింది మొత్తం వినండి. స్విట్జర్లాండ్‌కు చెందిన జాన్ పియాజే ఇలాంటి జవాబుల నుంచే పిల్లల ఆలోచనను అర్థం చేసుకున్నాడు. ఆరేడేళ్లు వచ్చేదాకా కంటికి పెద్దగా కనబడిందే వాళ్లకు ఎక్కువ. అందుకే అన్నాల దగ్గర "వాడికే ఎక్కువ వేశారు" అని ఏడ్చే పిల్లని కసరొద్దు. అందరికీ ఒకే రకం పళ్లేలు పెట్టండి, సగం గొడవ తగ్గుతుంది.

ఇక్కడ ఇంకో సంగతుంది, నాకు చాలా ఇష్టమైనది. 1970లలో బ్రిటన్‌లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు ఇదే పరీక్షలో వరసను ఒక అల్లరి ఎలుగుబొమ్మ చెడగొట్టినట్టు చేశారు. అప్పుడు చాలా ఎక్కువమంది పిల్లలు సమానమేనని సరిగ్గా చెప్పారు. పెద్దవాళ్లే జరిపి, అదే ప్రశ్న మళ్లీ అడిగితే, ఏదో మారిందనే పిల్లలు అనుకుంటారు. కాబట్టి సరైన జవాబు చెప్పిన పిల్లని "నిజంగానా? మళ్లీ చెప్పు" అని తికమక పెట్టకండి.

సాయం విషయంలో నేను వైగోట్‌స్కీని నమ్ముతాను. ఒంటరిగా చేయలేనిదాన్ని, పక్కన ఒకరుంటే పిల్ల చేయగలదు, మనం పని చేయాల్సిన చోటు అదే అంటాడాయన. చొక్కా గుండీలు పెట్టుకోవడం తీసుకోండి. కాసేపు ఆగి చూడండి. చేతకాకపోతే మాటతో చెప్పండి. అప్పటికీ రాకపోతే ఒక గుండీ మీరు పెట్టి, రెండోది తననే పెట్టుకోనివ్వండి. మర్నాడు మాటతో సరిపెట్టండి. హడావిడిలో ఆయా అన్నీ పెట్టేస్తుంటుంది, ఆమెకు కూడా ఈ పద్ధతి చెప్పండి. మన గదిలో మూడేళ్లవాళ్లు, ఐదేళ్లవాళ్లు కలిసే ఉంటారు కదా, అది మనకు వరం. పళ్లేలు సర్దడం చిన్నవాళ్లు పెద్దపిల్లల్ని చూసి మనకంటే తొందరగా నేర్చుకుంటారు.

కొత్తగా చేరి ఏడ్చే పిల్లకు మాత్రం ఇవేవీ మొదటి రోజే మొదలుపెట్టొద్దు. తల్లీపిల్లల అనుబంధాన్ని పరిశోధించిన బౌల్బీ చెప్పినట్టు, నమ్మకమైన మనిషి దగ్గరుంటేనే పిల్ల ధైర్యంగా అటూ ఇటూ తిరుగుతుంది. తల్లిని కాసేపు కూర్చోమనండి. దొంగచాటుగా వెళ్లిపోకుండా "అన్నం తిన్నాక వస్తా" అని చెప్పి వెళ్లమనండి, చెప్పిన వేళకే రమ్మనండి. వారం పాటు పొద్దున్నే ఆ పిల్లని చేరదీసేది ఒకే మనిషి అయ్యేలా చూసుకోండి, మీరైనా సరే, ఆయా అయినా సరే.